ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ప్రాజెక్టు ఐచ్ఛికం కాకూడదు

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరడానికి ఏమేం కావాలని అడిగితే మన రెండు రాష్ట్రాల్లోనూ డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థి ఎవరైనా తడుముకోకుండా చెబుతాడు. బీఎస్సీలో గణితం, భౌతికశాస్త్రం చదివి ఉండాలి. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ రాయాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికైతే సీయూఈటీ పీజీ, ఐఐటీలకైతే జామ్ రాయాలి. చేరిన తరువాత ఎంత హాజరు ఉండాలో, ఇంటర్నల్స్‌కు ఎన్ని మార్కులో, లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష అయిన నెట్ రాయడానికి ఎమ్మెస్సీలో 55 శాతం ఎందుకు అవసరమో కూడా అతనికి తెలుసు. అదే విద్యార్థిని, పట్టా చేతికి వచ్చేనాటికి నీ అంతట నువ్వు ఏం చేయగలిగి ఉండాలి అని అడిగితే సమాధానం దొరకదు. అందుకు విద్యార్థిని తప్పు పట్టడానికి వీల్లేదు, ఎందుకంటే మన నిబంధనలు కూడా ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవు. ప్రవేశం, హాజరు, మార్కులు, క్రెడిట్లు (చదువు పరిమాణాన్ని లెక్కగట్టే యూనిట్లు), వీటన్నిటి గురించి పేజీల కొద్దీ రాసి ఉంటుంది. భౌతికశాస్త్రంలో మాస్టర్స్ పట్టా పొందిన మనిషి ఒక్క ప్రశ్ననైనా సొంతంగా పట్టుకుని చివరిదాకా తేల్చి ఉండాలన్న షరతు మాత్రం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

2024లో విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్ పీజీ కోర్సుల కోసం విడుదల చేసిన పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల చట్రంతో ఈ సంగతి మరింత స్పష్టమైంది. మూడేళ్ల డిగ్రీ తరువాత రెండేళ్ల పీజీలో చేరినవారికి రెండో సంవత్సరంలో మూడు దారులు ఇచ్చారు. మూడు, నాలుగు సెమిస్టర్లు రెండింటిలోనూ పాఠాలే చదవవచ్చు. మూడో సెమిస్టర్‌లో పాఠాలు చదివి నాలుగో సెమిస్టర్‌లో పరిశోధన, అంటే ప్రాజెక్టు, చేయవచ్చు. లేదా రెండు సెమిస్టర్లూ పరిశోధనకే కేటాయించవచ్చు. నాలుగేళ్ల డిగ్రీ చేసి ఏడాది పీజీకి వచ్చేవారికి కూడా ఇలాంటి ఎంపికే ఉంది. అన్ని విషయాలకూ ఒకే చట్రం గీయాల్సిన కమిషన్ ఇలా స్వేచ్ఛ ఇవ్వడాన్ని నేను అర్థం చేసుకోగలను. అయితే భౌతికశాస్త్రంలోనూ ఖగోళశాస్త్రంలోనూ మొదటి దారిని, అంటే కేవలం పాఠాలతో పట్టా పుచ్చుకునే దారిని, మన విశ్వవిద్యాలయాలు మూసివేయాలన్నది నా వాదన. ప్రయోగంతోనూ పరిశీలనతోనూ నిలబడిన శాస్త్రాలివి. వాటిలో మాస్టర్ అని ఒక మనిషికి ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు, అతను ఒక్కసారైనా తానే కొలిచి, తానే లెక్కగట్టి, వచ్చిన ఫలితానికి తానే పూచీ పడి ఉండాలి.

పాఠాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదని మొదటే చెప్పాలి. క్లాసికల్ మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్, క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ అనే నాలుగు పునాది కోర్సులూ, వాటికి ఊతంగా నిలిచే మ్యాథమెటికల్ ఫిజిక్సూ ప్రపంచంలో ఏ మూల చదివినా ఉంటాయి, ఉండి తీరాలి. మన బీఎస్సీలో చాలాకాలం ఫిజిక్స్ మూడింట ఒక వంతు మాత్రమే ఉండేది. ఎంపీసీ గ్రూపులో గణితం, రసాయనశాస్త్రం మిగతా కాలాన్ని పంచుకునేవి. అందుకే ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం మన విద్యార్థికి కొత్త చదువుతో పాటు పాత లోటు పూడ్చుకునే సంవత్సరం కూడా అవుతుంది. ష్రోడింగర్ సమీకరణాన్ని హైడ్రోజన్ పరమాణువుకు సాధించడం, మాక్స్‌వెల్ సమీకరణాల నుంచి తరంగాన్ని రాబట్టడం పరీక్ష కోసమైనా సరే నేర్చుకోని విద్యార్థికి ప్రాజెక్టు ఇచ్చినా ప్రయోజనం ఉండదు. ఈ విషయంలో నేను ఇప్పుడున్న నిబంధనల కన్నా కఠినంగా ఉండమంటాను. మొదటి సంవత్సరం క్వాంటమ్ మెకానిక్స్‌లో బ్యాక్‌లాగ్ ఉన్న విద్యార్థి దాన్ని మోసుకుంటూ నాలుగో సెమిస్టర్‌ దాకా వచ్చి, ప్రాజెక్టు వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు, హాజరై, ఆ తరువాత సప్లిమెంటరీ రాసే పద్ధతి మన దగ్గర మామూలైపోయింది. పునాది కోర్సులు గట్టెక్కిన తరువాతే ప్రాజెక్టు మొదలుకావాలి.

ఇక ప్రయోగశాల సంగతి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా ప్రాక్టికల్ పరీక్షలకు వెళ్ళినప్పుడు నేను పదేపదే చూసిన ఒక ప్రయోగాన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను, ఎందుకంటే నా వాదనంతా అందులోనే ఉంది. జెర్మేనియం స్ఫటికం మీద వరుసగా నాలుగు సూదిమొనలు ఆనించి, బయటి రెండింటి గుండా స్థిరమైన కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజిని కొలుస్తారు. స్ఫటికాన్ని చిన్న ఓవెన్‌లో వేడిచేసి, చల్లారుతున్నప్పుడు ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర రీడింగు తీస్తారు. నిరోధకత లాగరిథమ్‌ను ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గ్రాఫు గీస్తే, అధిక ఉష్ణోగ్రతల వైపు ఒక సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి జెర్మేనియం ఎనర్జీ గ్యాప్, అంటే కరెంటు మోయడానికి ఎలక్ట్రాన్ దాటవలసిన శక్తి అంతరం, తెలుస్తుంది. ఫోర్ ప్రోబ్ ప్రయోగం అని మనవాళ్ళు పిలిచేది దీన్నే, దాదాపు ప్రతి ఎమ్మెస్సీ ల్యాబులోనూ ఉంటుంది.

పుస్తకంలో గది ఉష్ణోగ్రత దగ్గర జెర్మేనియం గ్యాప్ సుమారు 0.67 ఎలక్ట్రాన్ వోల్టులని ఉంటుంది. విద్యార్థికి తన రీడింగుల నుంచి 0.73 లేదా 0.75 వస్తుంది. వెంటనే అతను సీనియర్ రికార్డు తెరిచి, రెండు మూడు రీడింగులు సర్ది, 0.68 అని రాసి సంతకం పెట్టించుకుంటాడు. నిజానికి ఆ విద్యార్థి కొలత సరైనదే కావడానికి చాలా అవకాశం ఉంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ జెర్మేనియం గ్యాప్ తగ్గుతుంది. ఆ తగ్గుదల ఇంచుమించు సరళరేఖలో ఉన్నంతకాలం, మన గ్రాఫు వాలు ఇచ్చే విలువ గది ఉష్ణోగ్రత దగ్గరి గ్యాప్ కాదు, ఆ సరళరేఖను పరమశూన్యం దాకా పొడిగిస్తే వచ్చే విలువ. పరమశూన్యం దగ్గర జెర్మేనియం అసలు గ్యాప్ సుమారు 0.74, పొడిగించిన రేఖ దానికి కాస్త పైనే తగులుతుంది. అంటే విద్యార్థి చేతిలోని పరికరం నిజం చెప్పింది. ఆ నిజాన్ని దిద్ది అతను మార్కులు తెచ్చుకున్నాడు. ఒక వైవాలో ఒకమ్మాయిని, "నీకు అసలు ఎంత వచ్చిందమ్మా?" అని అడిగితే, కాసేపు తటపటాయించి, "0.74 వచ్చింది సార్, తప్పు వచ్చిందని మార్చాను" అంది. ఎందుకలా వచ్చి ఉంటుందో ఆలోచించమని, గ్యాప్‌కూ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధం కాగితం మీద పెట్టమని అడిగాను. ఆ అమ్మాయి అక్కడే నిలబడి రెండు పంక్తుల్లో రాబట్టింది. ఆమెకు తెలివి తక్కువై రికార్డు దిద్దలేదు. వచ్చిన విలువను వెంటాడమని ఆ రెండేళ్లలో ఎవరూ అడగలేదు, అడిగే తీరిక పాఠ్యప్రణాళికలో లేదు.

ప్రాజెక్టు అవసరమని నేను అనేది ఇందుకే. ల్యాబులో చేసే ప్రయోగానికి సమాధానం ముందే అచ్చయి ఉంటుంది కనుక విద్యార్థి దాన్ని అందుకోవడానికే చూస్తాడు. సమాధానం ఎక్కడా రాసి లేని ప్రశ్న ఎదురైనప్పుడే, తన కొలతలో ఎంత భాగం నమ్మదగినదో, పొరపాటు ఎక్కడ దూరగలదో తానే తేల్చుకోవలసి వస్తుంది. ఆ ప్రశ్న నోబెల్ స్థాయిది కానక్కరలేదు. ఒక పలుచని పొర విద్యుత్ గుణం కావచ్చు, ఒక నక్షత్రం కాంతి ఎగుడుదిగుళ్ళ ఆవర్తన కాలం కావచ్చు, ఒక సమీకరణానికి కంప్యూటర్ మీద కట్టిన సంఖ్యా సాధన కావచ్చు. జవాబు విద్యార్థికీ గైడుకీ ముందుగా తెలియనిదై ఉంటే చాలు.

ఇప్పుడు చాలాచోట్ల నాలుగో సెమిస్టర్‌లో ప్రాజెక్టు పేరుతో జరుగుతున్నది ఇది కాదు. అంతకు ముందు బ్యాచ్ రిపోర్టులో పేర్లు మార్చడం, డబ్బు తీసుకుని ప్రాజెక్టు తయారుచేసి ఇచ్చేవాళ్ళను ఆశ్రయించడం, నలుగురైదుగురికి ఒకే రిపోర్టు చూపించడం అందరికీ తెలిసిన విషయాలే. స్పైరల్ బైండింగు చేయించి ముగ్గురి సంతకాలు సంపాదిస్తే పని అయిపోయినట్టే. ఇటీవల దీనికి కృత్రిమ మేధ తోడైంది. యాభై పేజీల రిపోర్టు ఒక సాయంత్రంలో, చక్కని భాషలో, గ్రాఫులతో సహా తయారవుతోంది. ప్రాజెక్టులు ఎలాగూ నకిలీవే కదా, ఆ క్రెడిట్లను మరో రెండు పాఠాలకు ఇస్తే మేలు కదా అని తోటి అధ్యాపకులు అనడం నేను విన్నాను. వాళ్ళ విసుగు నాకు అర్థమవుతుంది గానీ వాళ్ళు చెప్పే పరిష్కారం నాకు సమ్మతం కాదు. పరీక్షల్లో కాపీ జరుగుతోందని పరీక్షలు ఎత్తివేయలేదు కదా. రిపోర్టును సాక్ష్యంగా తీసుకోవడం మానేసి, విద్యార్థి రోజువారీ నోటుబుక్కునూ, దిద్దని రీడింగులనూ, అతను రాసిన ప్రోగ్రామునూ, వాటి మీద ఎదురుగా కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలనూ సాక్ష్యంగా తీసుకోవాలి.

ఇతర దేశాల పద్ధతులు ఒకసారి చూడటం అవసరం, ముఖ్యంగా మన పిల్లలు పెద్ద సంఖ్యలో అక్కడికి దరఖాస్తు చేస్తున్నారు కనుక. జర్మనీలో ఫిజిక్స్ మాస్టర్స్ రెండేళ్లు, మొత్తం 120 యూరోపియన్ క్రెడిట్లు. మొదటి సంవత్సరం పాఠాలు. రెండో సంవత్సరం చాలా విశ్వవిద్యాలయాల్లో పూర్తిగా పరిశోధనదే: సగం కాలం ఎంచుకున్న రంగంలో సిద్ధం కావడానికి, తక్కిన సగం, అంటే 30 క్రెడిట్లు, థీసిస్‌కు. బ్రిటన్‌లో ఏడాది ఎమ్మెస్సీకి 180 క్రెడిట్లుంటే అందులో సాధారణంగా 60 డిసర్టేషన్‌వి. అమెరికాలో దాదాపు 30 క్రెడిట్ గంటలతో మాస్టర్స్ పూర్తవుతుంది, అక్కడ థీసిస్ రాసే దారీ ఉంది, థీసిస్ లేకుండా సమగ్ర పరీక్ష రాసే దారీ ఉంది. పాఠాలతో సరిపెట్టడాన్ని సమర్థించేవాళ్ళు ఈ అమెరికా ఉదాహరణ ఎత్తుతారు. అయితే అక్కడ ఎన్నో ఫిజిక్స్ విభాగాల్లో మాస్టర్స్ అనేది పీహెచ్‌డీలో చేరినవారికి మధ్యలో ఇచ్చే పట్టా. ఆ విద్యార్థి ముందు ఇంకా కొన్నేళ్ల పరిశోధన ఎలాగూ ఉంటుంది. మన విద్యార్థుల్లో అత్యధికులకు ఎమ్మెస్సీయే ఆఖరి చదువు. అందులో చేయని పరిశోధన వాళ్ళు జీవితంలో మరెప్పుడూ చేయరు.

పరికరాలు లేవు కదా అనేది మొదటి అభ్యంతరం. రాష్ట్ర విశ్వవిద్యాలయాల ల్యాబుల పరిస్థితి నాకు తెలుసు, దాన్ని కప్పిపుచ్చను. అయినా 1906లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎం.ఏ. చదువుతున్న చంద్రశేఖర వేంకట రామన్, కాలేజీ స్పెక్ట్రోమీటరు మీద పట్టకం కోణం కొలుస్తూ, కాంతి ఏటవాలుగా పడినప్పుడు వచ్చే వివర్తన పట్టీలు (కాంతి అంచుల దగ్గర వంగడం వల్ల ఏర్పడే వెలుగునీడల చారలు) రెండు వైపులా సమానంగా లేవని గమనించాడు. దాన్ని వదలకుండా పట్టుకుని రాసిన వ్యాసం అదే ఏడాది ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో వెలువడింది. అప్పటికి అతని వయసు 18. అంతటి చూపు అందరికీ ఉండదు, నిజమే. ఆ స్పెక్ట్రోమీటరు మాత్రం ఇప్పుడు ప్రతి డిగ్రీ కాలేజీలోనూ ఉంది.

ఖగోళశాస్త్రంలో ఈ అభ్యంతరం పూర్తిగా వీగిపోతుంది. యూరోపియన్ అంతరిక్ష సంస్థ గాయా ఉపగ్రహం 2022 జూన్‌లో విడుదల చేసిన మూడో సమాచార సంపుటిలో దాదాపు 180 కోట్ల నక్షత్రాల వివరాలు ఉన్నాయి, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్‌లో ఎగిరిన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ పరిశీలనలు, 2023 సెప్టెంబర్‌లో ఎగిరిన సూర్య పరిశీలక నౌక ఆదిత్య ఎల్1 పరిశీలనలు ఇస్రో భాండాగారంలో లభిస్తాయి. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న విద్యార్థికి మామూలు ల్యాప్‌టాప్, నెట్ కనెక్షను ఉంటే చాలు. మన అమ్మమ్మలు గుర్తుపట్టే కృత్తికల గుంపునే తీసుకుందాం. ఆ దిక్కున కనిపించే నక్షత్రాలన్నిటినీ గాయా నుంచి దించుకుని, అన్నీ ఒకే వైపు ఒకే వేగంతో కదులుతున్నవాటిని వేరుచేస్తే గుంపు సభ్యులు తేలతాయి. వెనకా ముందూ ఉన్న పరాయి నక్షత్రాలు పక్కకు తప్పుకుంటాయి. మిగిలినవాటి పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం అటూ ఇటూ జరిగినట్టు కనిపించే కోణం) సగటున ఆర్క్‌సెకనులో, అంటే డిగ్రీలో 3600వ వంతులో, వెయ్యో వంతుకు సుమారు 7.4 రెట్లు వస్తుంది. దాన్నుంచి దూరం సుమారు 135 పార్సెక్కులు, అంటే 440 కాంతి సంవత్సరాలు. అంతకు ముందు హిప్పార్కస్ ఉపగ్రహం 1997లో ఇచ్చిన విలువలు దీన్ని 120 పార్సెక్కులకు కాస్త అటూ ఇటూగా చూపించాయి. ఆ తేడా మీద ఖగోళశాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. విద్యార్థి ముందు ఈ లెక్క చేసి, తన పద్ధతి సరైనదని నమ్మకం కుదిరాక, అంతగా ఎవరూ పట్టించుకోని మరో నక్షత్ర గుంపు తీసుకుని దాని దూరం, వయసు తేల్చవచ్చు. అది నికార్సయిన ఎమ్మెస్సీ ప్రాజెక్టు. అందుకు అయ్యే ఖర్చు స్పైరల్ బైండింగుకు మించదు.

ఈ చదువు మన నేల మీద పుట్టిందే పరిశీలనలో. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో నిజాం ప్రభుత్వ పాలన కిందికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి పట్టికకెక్కించే అంతర్జాతీయ పథకంలో ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న ఆకాశపు పట్టీని హైదరాబాద్ తన వంతుగా తీసుకుంది. ఒక్కో ఫొటో పలక మీది చుక్కల స్థానాలను మనుషులు కూర్చుని కొలిచారు. ఆ వేధశాల ఉండబట్టే ఉస్మానియాలో ఖగోళశాస్త్ర విభాగం ఏర్పడింది, 1968 నాటికి హైదరాబాద్ సమీపంలోని జపాల్ రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు వెలిసింది, దేశంలో కొద్దిచోట్లే దొరికే ఎమ్మెస్సీ ఆస్ట్రానమీ ఇక్కడ నడిచింది. ఇంతటి వారసత్వం ఉన్న చోట పరిశీలన చేయకుండా ఖగోళశాస్త్రంలో పట్టా తీసుకునే వీలుండటం నాకు బాధ కలిగిస్తుంది.

గైడులు లేరన్న అభ్యంతరం మాత్రం బరువైనది. ఖాళీ పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాక, ఒప్పంద అధ్యాపకులే విభాగాన్ని నడుపుతున్న చోట, తరగతిలోని ప్రతి విద్యార్థికీ వేరే ప్రశ్న ఇచ్చి వారం వారం కూర్చోవడం ఎవరికి సాధ్యం? అనుబంధ పీజీ కాలేజీల్లో పరిస్థితి ఇంకా కష్టం. నియామకాలు జరగకుండా నేను చెప్పేది పూర్తిగా అమలు కాదని ఒప్పుకుంటాను. అప్పటిదాకా, ఒకే రకం సమాచారం మీద, ఒకే పద్ధతితో, ఒక్కో విద్యార్థి ఒక్కో నక్షత్రాన్నో ఒక్కో నమూనానో తీసుకుని పనిచేసే ఏర్పాటు చేయవచ్చు; గైడు వారానికి ఒకసారి అందరితో కలిపి కూర్చుంటే సరిపోతుంది, ఫలితం ఎవరిది వారిదే. పుణేలోని ఐయూకా విశ్వవిద్యాలయాల అధ్యాపకుల కోసమే ఏర్పడిన ఖగోళ పరిశోధన సంస్థ. మన అధ్యాపకులు అక్కడి అసోసియేట్లుగా చేరి కొత్త పద్ధతులు తెచ్చుకోవచ్చు.

మరొక అభ్యంతరం విద్యార్థుల నుంచే వస్తుంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సీఎస్ఐఆర్ నెట్‌లో 200 మార్కుల్లో జనరల్ ఆప్టిట్యూడ్‌వి 30 పోగా మిగతా ప్రశ్నలన్నీ పాఠాల నుంచే వస్తాయి. జూనియర్ లెక్చరర్ పరీక్ష, గురుకుల పరీక్ష కూడా ఇంచుమించు అంతే. ఇంట్లో అప్పు చేసి చదివిస్తున్నారు, నాలుగో సెమిస్టర్ ఆరు నెలలూ ప్రాజెక్టు పెట్టుకుంటే పరీక్షలకు ఎప్పుడు చదవాలి అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి నా జవాబు ఈ పట్టాతో వాళ్ళు వెళ్ళబోయే చోటును బట్టి ఉంటుంది. మన ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్ళలో చాలామంది ఇంటర్మీడియట్ కాలేజీల్లో పాఠం చెబుతారు. ఒక్కొక్కరి చేతుల మీదుగా ఏటా వందల మంది పిల్లలు వెళతారు. ఆ పిల్లల్లో ఒకడు లేచి, నాకు పుస్తకంలో ఉన్న విలువ రాలేదు మేడమ్ అన్నప్పుడు, మళ్ళీ చెయ్యమని కసరడమా, ఎందుకు రాలేదో చూద్దాం రమ్మని పక్కన కూర్చోవడమా అన్నది, ఆ టీచరు తన ఎమ్మెస్సీలో ఏం చేశారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. పరిశోధన వైపు వెళ్ళేవాడికి ప్రాజెక్టు అనుభవం పీహెచ్‌డీలోనైనా దొరుకుతుంది. టీచరు కాబోయేవాడికి దొరకదు.

అందుకని, రెండేళ్ల కోర్సులోని 80 క్రెడిట్లలో కనీసం 20, అంటే ఒక పూర్తి సెమిస్టర్, ప్రతి విద్యార్థికీ ప్రాజెక్టుకు కేటాయించాలి. మూడో సెమిస్టర్ ముగిసేలోగా విద్యార్థి తన ప్రశ్నను ఒక పేజీలో రాసి విభాగానికి ఇవ్వాలి. ఆ పేజీలో ఏం కొలుస్తాడో, ఎంత ఖచ్చితత్వంతో కొలవగలనని అనుకుంటున్నాడో ఉండాలి. నోటుబుక్కు తేదీలతో సహా వారానికోసారి గైడు సంతకంతో నడవాలి. చివర జరిగే వైవాలో గైడు మాట్లాడకూడదు, మరో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒకరైనా ఉండాలి, ప్రశ్నలు నోటుబుక్కు మీద సాగాలి. దీనికి మార్కులు వద్దు. నిలిచిందా లేదా అన్నది తేలితే చాలు, నిలవకపోతే మరో సెమిస్టర్ అవకాశం ఇవ్వాలి. మార్కులు ఉన్నంతకాలం 0.74ను 0.68గా దిద్దే ఒత్తిడి ప్రాజెక్టులోకి కూడా వస్తుంది. అనుకున్న ఫలితం రాలేదని నిజాయితీగా చూపించి, ఎందుకు రాలేదో కారణం వెతికిన విద్యార్థి ఉత్తీర్ణుడే అని నిబంధనల్లో స్పష్టంగా రాయాలి.

వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కరలేదు. కమిషన్ చట్రం పరిశోధన దారిని అనుమతిస్తూనే ఉంది కనుక, పాఠ్యప్రణాళికా మండలి సమావేశంలో తీర్మానించి విశ్వవిద్యాలయం ఆమోదం తీసుకోవచ్చు. అది జరిగేదాకా, ఈ ఏడాది సీటు కోసం కౌన్సెలింగుకు వెళుతున్న విద్యార్థులకు నేను చెప్పేది ఒకటే. ర్యాంకు, ఫీజు, హాస్టలు చూసుకున్న తరువాత, ఆ విభాగానికి వెళ్ళి కిందటి బ్యాచ్ వాళ్ళ ప్రాజెక్టులు చూపించమని అడగండి. రిపోర్టుతో పాటు నోటుబుక్కు కూడా చూపించమనండి. రెండూ తీసి చూపించే విభాగం దొరికితే, ర్యాంకుల పట్టికలో అది కాస్త వెనక ఉన్నా, అక్కడే చేరండి.